వాననీటికి నేలతొట్టి

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు వంటగది యేమూల నుండవలెనో, దేవుని గూడు ఏదిక్కున నుండవలెనో పదిమందిని అడిగి తెలిసికొందురు. నీటితొట్టి మాట వచ్చునప్పటికి మాత్రము ఆ భారము మేస్త్రిమీద వదలివేయుదురు. మేస్త్రి తనకు అలవాటైన కొలతతో గొయ్యి త్రవ్వి, నాలుగు గోడలు లేపి, పైన మూత వేసి, కూలి పుచ్చుకొని పోవును. ఆ తొట్టి చాలునో చాలదో, అందులోని నీరు త్రాగదగినదో కాదో, ఆ మూత ఎత్తుట ఆడువారికి శక్యమో కాదో అటుపిమ్మట ఏండ్లతరబడి అనుభవించువారు గృహిణులు. కావున వాననీటిని దాచుకొను నేలతొట్టిని ఎన్నుకొనుటలో ఇల్లాలు ఎఱుగవలసిన సంగతులను గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ఇంకుడుగుంత వేఱు, తొట్టి వేఱు. ఇంకుడుగుంత వాననీటిని నేలలోనికి పంపును. అందువలన ఊరి బావులకు, బోర్లకు మేలు కలుగును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షముల చట్టము ఇండ్లలో వాననీటిని ఒడిసిపట్టు ఏర్పాట్లను గూర్చి చెప్పినది మొదలు పట్టణములలో ఇంకుడుగుంత పేరు అందఱకు తెలిసినది. తొట్టి యట్టిది కాదు. అది మన మిద్దెమీద పడిన నీటిని మన యింటికే దాచియుంచును. ఇంకుడుగుంత యున్నదిగదా, ఇంక తొట్టి యెందులకనువారు బ్యాంకిలో వేసిన పైకమునకు, వంటింటి డబ్బాలోని బియ్యమునకు గల భేదమును తలచుకొందురుగాక. రెండును కావలసినవే, ఒకదానిపని మఱియొకటి చేయలేదు.

ఈ తొట్టి అందఱకు అవసరమా? నిత్యము మంచి మంచినీరు కుళాయిలో వచ్చువారికి అంతగా అక్కఱలేదు. సముద్రతీరమున బావినీరు ఉప్పనగుచోట్ల ఇది గొప్ప ఆసరా. బోరునీరు మిక్కిలి కఠినమైనచోట కందిపప్పు ఎంత మంట పెట్టినను ఉడుకదు, సబ్బు నురుగు రాదు, గిన్నెల అడుగున తెల్లని చట్టు కట్టును. అట్టి యిండ్లవారు ఒక్కమాఱు వాననీటితో పప్పు వండిచూచినచో తొట్టి విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. కఠినజలములోని సున్నపు పదార్థము పప్పుగింజ తోలును, లోపలి కణములను బిగబట్టి మెత్తబడనీయదు. వాననీటిలో అది లేదు.

అయితే అన్నిటికంటె ముఖ్యముగా ఈ తొట్టి కావలసినవారు ఫ్లోరైడు సీమలవారు. నెల్లూరు మండలమున ప్రజల పండ్లకు, ఎముకలకు వచ్చుచుండిన వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు 1937లోనే ప్రకటించిరి. నల్లగొండ మాట చెప్పనేల? అచటి పల్లెలలో వంగిన నడుములు, వంకరబోయిన కాళ్లు ఈ నీటిచలవయే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మంచిదనియు, వేఱు దారి లేనిచోట 1.5 వఱకు ఓర్చుకొనవచ్చుననియు భారత ప్రమాణము. నీటిని కాచిన ఫ్లోరైడు పోదని తల్లులు గుర్తుంచుకొనవలెను. ఆవిరియై నీరు తగ్గినకొలది అది మఱింత చిక్కనగును. వాననీటిలోనో, ఫ్లోరైడు ఇంచుమించు లేదనియే చెప్పవచ్చును. పాలపండ్లు రాలి శాశ్వతమైన పండ్లు రాబోవు పిల్లలున్న యింట త్రాగుటకును వంటకును వాననీరు దొరకినచో ఆ తల్లికి ఎంత చింత తీఱును! ఇట్టి సీమలలో తొట్టి వేడుకకు కాదు, బిడ్డ నడుము నిటారుగ నిలుచుటకు.

ఇక కొలత. తొట్టి యెంత పెద్దది కావలెననగా మిద్దె ఎంత పెద్దదియని మేస్త్రి అడుగును, స్థలమెంతయని అమ్మువాడు అడుగును. మాకు తోచినంతలో మొదటి ప్రశ్న ఇవి రెండును కావు. ఈ నీటిని దేనికి వాడుదురు? వాన లేని దినములు ఎన్ని? ఈ రెండింటికి ఉత్తరము చెప్పగలిగినవారు ఇంటిలో ఒక్కరే కలరు, వారు నీటిబిందె లెక్క నెఱిగినవారు.

లెక్క కష్టము కాదు. ఒక చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. వేయి చదరపు అడుగుల మిద్దె సుమారు 93 చదరపు మీటర్లు. హైదరాబాదు ప్రాంతమున ఏటి వర్షము సుమారు 800 మిల్లీమీటర్లు. ఆవిరియై పోవునది, చిమ్మిపోవునది, విడిచిపెట్టవలసినది ఐదవవంతు తీసివేసినను ఏటికి 59,000 లీటర్ల పైచిలుకు నీరు ఆ మిద్దెమీదనుండి దిగును. వానలు మిక్కిలి తక్కువగు అనంతపురమున 550 మిల్లీమీటర్లని పెట్టుకొన్నను 40,000 లీటర్లకు లోటులేదు. ఇంత నీరు కాలువపాలగుచున్నదాయని ఆశ్చర్యము కలుగకమానదు.

ఆశ్చర్యము ఆశగా మాఱుటయే చిక్కు. ఐదుగురున్న యింట స్నానములకు, బట్టలకు, అంట్లకు, దొడ్డికి కలిపి దినమునకు తక్కువలో తక్కువ 500 లీటర్లు కావలెను. నవంబరు మొదటినుండి జూనులో వానలు కుదురుకొనువఱకు 7 నెలలు, అనగా 210 దినములు. వీనికి 1,05,000 లీటర్లు కావలెను. ఏడాది వాననంతయు పట్టినను ఆ మిద్దె అంత నీరీయదు. ఇచ్చినను అంత గొయ్యి త్రవ్వు చోటు మన పెరడులో ఎక్కడిది? అన్నిటికిని వాననీరే వాడుదమని పెద్ద తొట్టి కట్టించి, సంక్రాంతినాటికి అడుగు చూచి, తొట్టి వ్యర్థమని నిందించువారు ఈ లెక్క వేయనివారే.

అదే నీటిని త్రాగుటకును వంటకును మాత్రమే వాడుదుమనుకొనుడు. మనిషికి 8 లీటర్లు చొప్పున ఐదుగురికి దినమునకు 40 లీటర్లు, అనగా మూడు నాలుగు బిందెలు. 210 దినములకు 8,400 లీటర్లు. చుట్టములకు, పండుగలకు కొంత కలుపుకొని 10,000 లీటర్ల తొట్టి చాలును. ఇది 8 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, 6 అడుగుల నీటిలోతుగల గొయ్యి. చిన్న పెరడులోనైనను ఇమిడిపోవును. దీని నింపుటకు 50 మిల్లీమీటర్ల మంచివానలు మూడు కురిసిన చాలును. కాబట్టి ఏటి వానలు సగమైనను తొట్టి నిండుననుటకు సందేహము లేదు.

రాజస్థానపు ఎడారిలో టాంకాయను నేలతొట్టులను ఇట్లే త్రాగునీటికై అట్టిపెట్టుకొందురు. అహమ్మదాబాదు పాతనగరమున పోళ్ అను ఇఱుకువీథుల యిండ్లలో నడవాకిటి క్రింద ఇట్టి తొట్టులు నేటికిని కానవచ్చును. మనకంటె తక్కువ వాన గలవారు వానిని పొదుపుగా వాడి సుఖపడిరి.

వానకాలము అన్ని సీమలకు ఒకటి కాదని మాత్రము మఱువరాదు. తెలంగాణమున జూను మొదలు సెప్టెంబరు వఱకు కురియును. నెల్లూరు సీమకు వానలలో పెద్దభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చును. అచటివారి తొట్టి సంక్రాంతికి నిండుగ నుండి వేసవినంతయు దాటింపవలెను. ఎవరి యూరి ఎండదినములను వారు లెక్కించుకొని, పైన చెప్పిన నలుబదితోనో, తమ యింటి మందికి తగిన అంకెతోనో హెచ్చవేసికొనవచ్చును.

కొలత తేలినపిమ్మట నేలను చూడవలెను. ఎఱ్ఱనేల, మొరము నేల తొట్టికి మంచివి. నల్లరేగడి చాల పెంకెది. వానకు ఉబ్బును, ఎండకు బీటలువాఱి కుంచించుకొనిపోవును. దానితోపాటు తొట్టిగోడలును నెఱ్ఱెలిచ్చును. అట్టిచోట గొయ్యి కొంత పెద్దదిగ త్రవ్వి, తొట్టిచుట్టును అడుగునను మొరముగాని ఇసుకగాని కూరింపవలెను. రావి, మఱ్ఱి, వేపలకు దగ్గఱగ తొట్టి వలదు. వేళ్లకు నీటివాసన తెలియును. మరుగుదొడ్డి గొయ్యికి వీలైనంత దూరముగను, దానికంటె మెఱకగను ఉండవలెను. స్థలము చాలలేదని రెండింటిని ప్రక్కప్రక్కన కట్టుదమని మేస్త్రి యనినచో ఒప్పుకొనకుడు. గోడలో వెండ్రుకవాసి పగులు చాలును, ఇల్లంతయు విరేచనములతో మంచమెక్కుటకు.

కృష్ణా, గోదావరి డెల్టాల సోదరీమణులకు వేఱొక మాట. అచట వానకాలమున రెండు మూడడుగులకే నీరు తగులుచోట్లు పెక్కు కలవు. నేలలో నీరు పైకి ఉన్నప్పుడు ఖాళీతొట్టి పడవవలె తేలజూచును. 10,000 లీటర్ల తొట్టి పూర్తిగ ఊటలో మునిగినచో దానిని పైకినెట్టు బలము ఇంచుమించు 10 టన్నులు. తేలికయైన ప్లాస్టిక్కు తొట్టి మన్ను చీల్చుకొని పైకి వచ్చుట కలదు. సరిగా కట్టని సిమెంటుతొట్టికి అడుగు పగులును. లావైన కాంక్రీటు అడుగువేసి దానికి తొట్టిని బిగించిన ఈ బాధ తప్పునుగాని ఖర్చు పెరుగును. మమ్ము అడిగినచో డెల్టాలో తొట్టిని పూర్తిగ పాతిపెట్టుటకంటె సగము నేలలోను సగము పైనను కట్టి, దానిమీద అరుగు వేసికొనుట మేలందుము. ఆ యరుగు కూరగాయలు తరుగుకొనుటకును పనికివచ్చును. పైగా వరదవచ్చిన మూతిలోనికి మురుగు చేరదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీథులకు వీథులు నీటమునిగినవి. అట్టి వేళ నేలకు సమానముగ మూతియున్న తొట్టిలో మంచినీరు నిలుచునా? ఎచట కట్టినను తొట్టిమూతి నేలకంటె ఒక అడుగైనను పైకి లేచియుండవలెను.

దేనితో కట్టవలెనను ప్రశ్నకు లోకమున పెద్ద వాదములు కలవు. మేము క్లుప్తముగ చెప్పుదుము. చిన్నతొట్టికి ఇటుకగోడ, లోపల సిమెంటుపూత చాలును. గుండ్రముగ కట్టిన మఱింత గట్టి. మన పాతబావులన్నియు గుండ్రముగ నుండుట ఊరక కాదు. చుట్టును మన్ను నెట్టినకొలది ఆ గోడ ఇటుకలు ఒకదానినొకటి బిగించుకొనును. చదరపు తొట్టి కావలెననిన, పెద్దది కావలెననిన ఉక్కుకమ్మి కాంక్రీటు ఉత్తమము. ఇనుపవలమీద సిమెంటు పూసి చేయు ఫెర్రోసిమెంటు తొట్టి ఖర్చులో తక్కువ, కాని చేయి తిరిగిన పనివాడు కావలెను. ప్లాస్టిక్కువి, ఫైబరు గ్లాసువి ఒక్కదినమున దించవచ్చును. ఊటలేని గట్టినేలకు మంచివే. అయితే మిద్దెమీద పెట్టు నల్లతొట్టిని చవుకగ వచ్చినదని కొని పాతిపెట్టరాదు. అది లోపలి నీటిబరువు మోయుటకు చేసినది, బయటి మంటిబరువు మోయుటకు కాదు. నీరు తగ్గిననాడు నలిగి ముడుచుకొనిపోవును. భూమిలో పాతుటకని వేఱుగ, మందముగ, గట్టి పక్కటెముకలవంటి మడతలతో చేసిన తొట్టులు వచ్చుచున్నవి. వానినే అడుగుడు. దించిన తరువాత చుట్టును ఇసుక పోయుచు, అదే యెత్తున లోపల నీరు నింపుచు రావలెను. బండ్లు, కార్లు నిలుచుచోటి క్రింద ఏ తొట్టినైనను పెట్టుట తగదు. పెట్టక తీఱనిచో ఇంజనీరును అడిగి పైకప్పు వేయించుడు.

మూతను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. తొట్టి యెంత మంచిదైనను మూత చెడ్డదైన ఆ యింటికి మృత్యువును పిలిచినట్లే. పసిపిల్లలు తెరచియున్న సంపులో పడి మరణించిన వార్తలు పత్రికలలో మరల మరల చూచుచునేయున్నాము. ఆ తల్లులు అజాగ్రత్తగలవారని లోకము అనును. మేమట్లనుకొనము. మోయరాని నాపరాతిమూత పెట్టినచోట నాలుగు దినములు ఎత్తి మూయుదురు. ఐదవనాడు చేతులు నొచ్చి సగము తెరచి విడుతురు. ఆ తప్పు మూత పెట్టించినవారిది. కావున మూత ఆడుదాని యొక్క చేతికి లేచునంత తేలికగను, బిడ్డచేతికి లేవకుండ తాళము పడునట్లుగను ఉండవలెను. దాని క్రింద మూతికి అడ్డముగ ఇనుపకడ్డీల జల్లెడ ఒకటి బిగింపించుడు. మూత తెరచి మఱచినను బిడ్డ ఆ కడ్డీలమీద నిలుచును. ఇల్లు చూపు నాడు మేస్త్రిచేత కాదు, ఇల్లాలిచేత మూత ఎత్తించి చూడవలెను.

వాడుకకు మూత తెరచి చేదుకొనవలసిన పని లేకుండ చిన్న చేతిపంపు బిగించుకొన్న మఱి మంచిది. నీరు చేతులతో కలకబాఱదు, కరెంటు పోయినను దాహము తీఱును, మూత ఏటికి ఒకటి రెండుమాఱులు తప్ప తెరువనక్కఱలేదు. నీటిలో ముంచు విద్యుత్తు మోటారు పెట్టువారు, కరెంటు కారినంతనే తనంతట తాను ఆగిపోవు మీట పెట్టింపవలెను. మోటారు నడుచునపుడు తొట్టిలో చేయి పెట్టరాదు.

తొట్టి కడుగుటకు దిగుటలో నున్న అపాయము చాలమందికి తెలియదు. బహుదినములు మూసియున్న తొట్టిలో ప్రాణవాయువు తక్కువై యుండవచ్చును. దిగినవాడు కేకవేయుటకైనను వ్యవధి లేక కూలును. వానిని తీయుటకై దిగిన అన్నదమ్ములును అట్లే కూలుదురు. దీపము దింపి చూచు పాతపద్ధతిని నమ్మరాదు. దీపము ఆరని గాలిలోనే మనిషి ప్రాణము తీయు వాయువులు కొన్ని కలవు. మూతలన్నియు తెరచి, చాలసేపు గాలి ఆడనిచ్చి, బయటనుండి పంకాతో గాలి తోలి, నడుమునకు త్రాడు కట్టుకొని, పైన ఇద్దఱు కావలియుండగ దిగవలెను. పెట్రోలు, డీజిలు యంత్రములను తొట్టిలోనికి దింపరాదు. లోపలివాడు పడిపోయిన త్రాడుతో లాగవలెనేగాని వెంట దుమికిన లాభములేదు. అంతకంటె మేలు, పొడవైన కఱ్ఱకు కుంచె కట్టి పైనుండియే కడుగుటకు వీలగునంత చిన్నదిగ, అడుగు ఒకమూలకు వాలియుండునట్లుగ తొట్టి కట్టించుకొనుట.

నీటి శుభ్రత మిద్దెమీదనే మొదలగును. మృగశిరకార్తెకు ముందు మిద్దె ఊడ్చి కడిగించుడు. వడియములు, మిరపకాయలు ఎండబెట్టిన మిద్దెమీదికి కాకులు, ఉడుతలు రాకమానవు. పావురములను గూర్చి చెప్పనక్కఱలేదు. కనుక తొలివాన నీటిని తొట్టిలోనికి పోనీయరాదు. పైన చెప్పిన మిద్దెకు మొదటి 2 మిల్లీమీటర్ల వానను విడువవలెను. అది సుమారు 190 లీటర్లు, ఒక పీపా నిండుగ. గొట్టమునకు ఒక చీలిక, దానికొక బిరడా ఉన్న చాలును. చాలదినములు వాన లేక మరల కురిసినపుడెల్ల ఇట్లే చేయవలెను. తాటాకు ఇంటిమీది నీరు, ఆస్‌బెస్టాస్ రేకులమీది నీరు త్రాగుటకు పట్టవలదు. రసాయనముల కార్ఖానాలకు దగ్గఱనున్నవారు ఆ నీటిని చెట్లకే వాడుకొనుట మంచిది.

గులకఱాళ్లు, ఇసుక, బొగ్గు పేర్చిన వడపోతపెట్టెను అమ్మువారు చాల పొగడుదురు. ఏటేట విప్పి కడుగు ఓపిక యున్న పెట్టుకొనుడు. కడుగని వడపోతకంటె లేని వడపోత మేలు. సన్నని జల్లెడ యొకటి, తొలివాన విడుచు బిరడా యొకటి చాలునని మా యభిప్రాయము. తొట్టిలోనికి వెలుతురు చొరరాదు. చొచ్చిన పాచి పట్టును. గాలిగొట్టమునకు, పొర్లుగొట్టమునకు దోమ దూరని వల కట్టవలెను. డెంగీ తెచ్చు దోమ మురుగులో కాక ఇట్టి తేటనీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారము పదిదినములలో అవి ఎగిరి కుట్టు దోమలగును.

త్రాగునీటికి మంచి బ్లీచింగు పొడి వేయి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలును. పొడిని వేఱు పాత్రలో నీటితో కలిపి, సున్నము అడుగునకు దిగినపిమ్మట పైతేటను మాత్రము తొట్టిలో పోసి, గంటసేపైన తరువాత వాడవలెను. మూత విప్పియుంచిన పొడికి సారము పోవును గాన చిన్న పొట్లములుగ కొనుడు. పసిబిడ్డలకు, బాలెంతలకు ఆ నీటిని మరల మరగించి యిచ్చుట మంచిది. వాననీటికి సత్తువ లేదని పెద్దలు కొందఱందురు. లవణములు మనకు ముఖ్యముగ వచ్చునది ఆకుకూరలలోను, పప్పులోను, పాలలోను, నీటికై దిగులుపడనక్కఱలేదు. ఉప్పనీరు గాని, ఫ్లోరైడు నీరు గాని తెచ్చి ఈ తొట్టిలో కలుపుటయే చేయరానిపని. ట్యాంకరు నీటికి వేఱు తొట్టి ఉండవలెను.

పనివారికి కడపటి బాకీ ఇచ్చుటకు ముందు తొట్టిని నిండ నింపించి, నీటిమట్టమునకు బొగ్గుతో గీతగీసి, మూతవేసి వారముదినములు ఉంచుడు. క్రొత్త గోడ మొదట కొంత నీరు పీల్చును. మూడు నాలుగు దినముల తరువాతను గీత దిగుచునేయున్నచో ఎక్కడనో కారుచున్నదన్నమాట. మరల పూతవేయించిన తరువాతనే పైకమీయవలెను. సిమెంటుతొట్టిలోని ఆ మొదటినీరు సున్నపు రుచితో నుండును. దానిని అరటిచెట్లకు పోసి, అడుగు కడిగించి, పిమ్మట వచ్చు వానకు బిరడా బిగింపవచ్చును.